తాడు రెండో కొస

స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ ఊళ్లో ఒక మ్యూజియం ఉంది. అందులో తెగిన తాడు ముక్క ఒకటి దాచి పెట్టారు. 1865 జూలై 14 మధ్యాహ్నం మాటర్‌హార్న్ కొండ మీద ఆ తాడు తెగి నలుగురు చనిపోయారు. తెగిందా, తెంపారా, అంత సన్న తాడు అక్కడికి ఎట్లా వచ్చింది అని కొండలెక్కేవాళ్లు ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆ ముక్క ఫొటో మొదటిసారి చూసినప్పుడు నేను కాలేజీ పిల్లను. కొండ ఎంత ఎత్తు, ముందు ఎవరు ఎక్కారు అన్నవే నా మనసులో ఉండేవి. యాభై దాటిన ఈ వయసులో అదే ఫొటో చూస్తే, తాడు మిగిలిపోయిన కొస ఎవరి నడుముకు ఉంది, ఆ మనిషి ఆ తర్వాత ఎట్లా బతికాడు అన్నదే ముందు గుర్తుకొస్తుంది.

ప్రాణానికి తాడు కట్టుకుని ఎక్కే పనికి పెద్ద చరిత్ర ఉంది. పుస్తకాల్లో అది ఆల్ప్స్ కొండల్లో మొదలవుతుంది. నాకు మాత్రం మా ఇంటి గోడకు వేలాడే మోకుతో మొదలైంది.

మేము గీత వృత్తి వాళ్లం. భువనగిరి దగ్గర మా ఊరు. నాయిన తెల్లవారక ముందే లేచి, ముత్తాదు నడుముకు బిగించుకుని, గీతకత్తులు సర్దుకుని, మోకు భుజాన వేసుకుని పోయేవాడు. తాటిచెట్టు మొదట్లో నిలబడి మోకును చెట్టు చుట్టూ తిప్పి, తన నడుము వెనక నుంచి తెచ్చి బిగించేవాడు. పాదాలకు గుజి అనే చిన్న తాడు. వెనక్కి వాలితే మోకు బిగుస్తుంది, చెట్టుకు దగ్గరగా వస్తే వదులవుతుంది. ఆ వదులైన రెప్పపాటులోనే దాన్ని రెండు చేతులతో పైకి ఎగరేయాలి, మళ్లీ వెనక్కి వాలాలి, కాళ్లు రెండూ దగ్గరికి లాక్కోవాలి. అట్లా అరవై డెబ్బై అడుగులు. పైన మట్టల మధ్య సర్దుకుని, నిండిన లొట్టి దింపి, గెల కొస పలచగా చెక్కి, ఖాళీ లొట్టి కట్టి దిగడం. ఒక చెట్టు దిగితే ఇంకో చెట్టు. పొద్దున ఎక్కినవి సాయంత్రం మళ్లీ ఎక్కాలి.

నేను తర్వాత ఫిజిక్స్ చదివి, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో పిల్లలకు అదే చెప్పాను. ఘర్షణ పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద తాటిచెట్టు, మోకు గీసేదాన్ని. మనిషి వెనక్కి వాలిన బరువే మోకును చెట్టుకు అదుముతుంది, ఆ అదుముడే జారకుండా ఆపుతుంది. చాలా తెలివైన ఏర్పాటు. కానీ అందులో ఒక లోటు ఉంది. వాలడం ఆగిన మరుక్షణం అదుముడు పోతుంది. వానకు చెట్టు నానినా, కాలు జారి మనిషి చెట్టుకు కరుచుకున్నా, మోకు వదులై అతనితో పాటే కిందికి వస్తుంది. రెండో తాడు లేదు. కింద పట్టుకునే మనిషి లేడు. మోకుకు రెండు కొసలున్నా అవి రెండూ ఒకే నడుముకు కట్టి ఉంటాయి.

మా చిన్నాయిన ఒక ముసురు రోజు అట్లాగే పడ్డాడు. ప్రాణం దక్కింది, నడుము దక్కలేదు. ఆ తర్వాత మంచంలోనే చాన్నాళ్లు బతికాడు. ఆ యేడు నుంచి నాయిన చెరువు కట్ట మీది పొడుగు చెట్లు ఎక్కడం మానేశాడు. ఎవరితోనూ చెప్పలేదు, వాటి వైపు పోవడం ఆపేశాడంతే. కల్లు అమ్మే మండువకు పోయే సరుకు తగ్గింది. అమ్మ ఒక్క మాట అనలేదు. అప్పటికి నాయినకు నలభై దాటి ఉంటాయి. పొడుగు చెట్టు ఎక్కితే మగతనం, మానుకుంటే పిరికితనం అని మాట్లాడే పడుచువాళ్లు ఊళ్లో ఉన్నారు. నాయినను ఎవరూ ఏమీ అనలేకపోయారు, ఎందుకంటే అంతకు ముందు ఆ చెట్లు ఎక్కింది ఆయనే.

ఈ పనిలో ముసలితనం తొందరగా వస్తుంది. ప్రభుత్వానికీ ఆ సంగతి తెలుసు. తెలంగాణలో 2014లో పెట్టిన ఆసరా పింఛను గీత కార్మికులకు 50 ఏళ్లకే ఇస్తారు. గోల్కొండ నుంచి నిజాం దాకా ప్రతి సర్కారూ ఈ చెట్ల మీద రాబడి తీసుకుంది. నిజాం ఖజానాకు ఆబ్కారీ పెద్ద ఆధారం. చెట్టుకు ఇంత అని లెక్క కట్టారు, గుత్తేదార్లు వసూలు చేశారు. ఎక్కే మనిషి కాలు జారితే ఏం చేయాలన్న ఆలోచనకు మాత్రం వందల ఏళ్లు పట్టింది. సర్కారుకు ఎదురు తిరిగిన మా కులస్థుడు సర్వాయి పాపన్న 1708లో వరంగల్లు కోట మీద, ఆ తర్వాత మా భువనగిరి మీద దాడి చేశాడు. నిటారు బండలూ గోడలూ ఎక్కి కోటల్లో దిగిన వాళ్లలో తాటిచెట్లెక్కే చేతులు కూడా ఉండి ఉంటాయని నేను అనుకుంటాను. అది నా ఊహ, చరిత్రగా చెప్పడం లేదు.

బండలెక్కడం నాకు కోఠి ఉమెన్స్ కాలేజీలో ఎన్‌సీసీ ద్వారా అబ్బింది. ఉత్తరకాశీలో 1965లో పెట్టిన నెహ్రూ పర్వతారోహణ సంస్థ ఉంది. ఎన్‌సీసీ పిల్లల్ని అక్కడికి శిక్షణకు పంపేవాళ్లు. తేఖ్లా అనే చోట బండల మీద మాకు మొదట ఎక్కడం నేర్పలేదు, పట్టడం నేర్పారు. ఒకరు పైకి పోతుంటే ఇంకొకరు తాడు తన నడుము చుట్టూ తిప్పుకుని, అంగుళం అంగుళం వదులుతూ, పడితే ఆపాలి. దాన్ని బిలే అంటారు. నా మనసంతా పైన ఉండేది. ఎప్పుడు నా వంతు వస్తుందా, ఎప్పుడు ఆ బండ అంచు మీద చెయ్యి వేస్తానా అని. అక్కడున్న పిల్లలందరిదీ అదే తొందర.

ఇంటికొచ్చి నాయినకు అంతా చెప్పాను. ఆయన నేను తెచ్చిన నైలాన్ తాడు ముక్క వేళ్ల మధ్య నలిపి చూశాడు. బండ సంగతి అడగలేదు.

"కింద ఒకడు పట్టుకోని నిలవడతడా?"

"అవును నాయినా. ఎక్కినంత సేపు వానికి వేరే పనే ఉండదు."

"మరి వానికి కూలి ఎవలిస్తరు బిడ్డా?"

ఆ ప్రశ్నకు నేను చదివిన ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. సరదాకు కొండలెక్కేవాళ్లకు రెండో మనిషి స్నేహితుడు. కడుపు కోసం చెట్టెక్కేవానికి రెండో మనిషి అంటే రెండో కూలి. తాడు చరిత్రలో ఈ తేడా చివరిదాకా కనిపిస్తుంది.

మాటర్‌హార్న్ దగ్గరికి వస్తాను. ఎడ్వర్డ్ వింపర్ లండన్‌లో చెక్క మీద బొమ్మలు చెక్కే పనివాడు. 1860లో ఒక ప్రచురణకర్త ఆల్ప్స్ బొమ్మలు గీసుకు రమ్మని పంపితే పోయి, ఆ కొండకు తగులుకున్నాడు. ఇటలీ వైపు నుంచి ఏళ్ల తరబడి ప్రయత్నించాడు. 1862లో ఒంటరిగా దిగుతూ దాదాపు రెండు వందల అడుగులు దొర్లి పడి, తల పగిలి కూడా బతికాడు. అయినా వదల్లేదు. చివరికి 1865లో స్విట్జర్లాండ్ వైపు నుంచి ఇంకో ఆరుగురితో కలిసి ఎక్కాడు. అప్పుడతనికి 25 ఏళ్లు. గుంపులో లార్డ్ ఫ్రాన్సిస్ డగ్లస్‌కు 18, డగ్లస్ హాడోకు 19. చార్లెస్ హడ్సన్ అనే పాస్టరు, షామొనీ నుంచి వచ్చిన మిషెల్ క్రో అనే గైడు, జెర్మాట్ గైడు పీటర్ టౌగ్‌వాల్డర్, అతని కొడుకు. మధ్యాహ్నం రెండు లోపే శిఖరం చేరారు, ఒక గంట ఉన్నారు, దిగడం మొదలుపెట్టారు.

హాడోకు ఇలాంటి కొండలు కొత్త. కాళ్లు నిలవడం లేదు. ముందున్న క్రో తన మంచుగొడ్డలి పక్కన పెట్టి, ఆ పిల్లవాడి పాదాలు ఒక్కొక్కటీ తన చేతులతో పట్టుకుని బండ మీద సరైన చోట పెడుతున్నాడు. ఈ ఒక్క దృశ్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. తల్లి మెట్లు దిగే బిడ్డకు చేసినట్టు, ఒక పెద్ద గైడు పందొమ్మిదేళ్ల కుర్రవాడికి చేశాడు. రెండు పాదాలూ పెట్టి, తాను ఒక అడుగు దిగుదామని అటు తిరిగేసరికి హాడో జారి అతని మీద పడ్డాడు. ఇద్దరి బరువుకు హడ్సన్, ఆయన వెనక డగ్లస్ లాగబడ్డారు. పైనున్న ముసలి టౌగ్‌వాల్డర్, వింపర్ బండల్ని కరుచుకున్నారు. తాడు బిగిసింది. డగ్లస్‌కూ టౌగ్‌వాల్డర్‌కూ మధ్య తెగింది. నలుగురూ పన్నెండు వందల మీటర్ల దాకా పడి కింది హిమానీనదం మీద చేరారు. డగ్లస్ శవం ఇంతవరకూ దొరకలేదు. మిగిలిన ముగ్గురూ ఉన్నచోట నుంచి అర్ధగంట సేపు అడుగు కదపలేకపోయారు.

వాళ్ల దగ్గర మంచి తాళ్లు లేక కాదు. మనీలా నారతో చేసిన గట్టి తాడు ఉంది, దానికన్నా గట్టిది ఇంకొకటి ఉంది. మూడోది పాతది, సన్నది. అవసరమైతే బండకు కట్టి వదిలేసి రావడానికి తెచ్చింది. డగ్లస్‌ను టౌగ్‌వాల్డర్‌కు కట్టింది దానితోనే. లండన్‌లో 1857లో పెట్టిన ఆల్పైన్ క్లబ్ సరిగ్గా ఏడాది ముందు, 1864లో, కమిటీ వేసి రకరకాల తాళ్లకు బరువులు కట్టి కిందికి వదిలి ఏది నిలుస్తుందో పరీక్షించింది. అంటే తాడు బలం ఎంతో తెలుసుకునే ఆలోచన అప్పటికే ఉంది. తెలియంది ఇంకొకటి. ఏడుగురూ ఒకరికొకరు కట్టుకున్నారు, ఒక్కరూ కొండకు కట్టుకోలేదు. పట్టేవాడికి ఆధారం లేనప్పుడు తాడు బలంగా ఉంటే అందరూ పోతారు, బలహీనంగా ఉంటే కొందరు పోతారు. తెగడం వల్లే ముగ్గురు బతికారన్నది చెప్పడానికే కష్టమైన నిజం.

ఆ మాటే జనం ఇంకో విధంగా అన్నారు. తనను కాపాడుకోవడానికి టౌగ్‌వాల్డర్ తాడు కోశాడని. జెర్మాట్‌లో విచారణ జరిగింది, అతని తప్పు లేదని తేల్చారు. పుకారు మాత్రం పోలేదు. గైడు పనిలో పేరు పోయింది. అమెరికా వెళ్లాడు, కొన్నేళ్లకు తిరిగొచ్చాడు, 1888లో ఆ కొండ నీడలోనే చనిపోయాడు. తాడు రెండో కొస అంటే నాకు గుర్తొచ్చేది ఆయనే. పుస్తకాల్లో శిఖరం మీద వింపర్ సంతోషానికి పేజీలున్నాయి. నడుము మీద తాడు కోసుకుపోయిన గుర్తుతో ఇంటికి నడిచొచ్చి, ఊళ్లో తలెత్తుకోలేకపోయిన ఆ మనిషికి ఒకటి రెండు పేరాలు.

వింపర్ మారాడు. 1871లో ఆ రోజులన్నీ పుస్తకంగా రాశాక, శిఖరం ముందు ఎవరు తాకుతారన్న పోటీ మీద అతనికి మునుపటి ఆసక్తి లేదు. గ్రీన్‌లాండ్ వెళ్లి శిలాజాలు ఏరాడు. 1880లో ఈక్వడార్‌లో చింబొరాసో ఎక్కాడు. అది ఎక్కిందీ ఎత్తులో మనిషి ఒంటికి ఏమవుతుందో చూడడానికి, బారోమీటర్లు పట్టుకుని. ముసలితనంలో షామొనీకీ జెర్మాట్‌కూ వచ్చే మామూలు యాత్రికుల కోసం గైడు పుస్తకాలు రాసి, అవి పాతబడకుండా మళ్లీ మళ్లీ దిద్దుతూ కూర్చున్నాడు. 1911లో షామొనీలోనే చనిపోయాడు.

నాకు వింపర్ కన్నా జాన్-ఆంట్వాన్ కారెల్ అంటే ఎక్కువ గౌరవం. ఇటలీ వైపు లోయవాడు, సైన్యంలో పనిచేసినవాడు, మాటర్‌హార్న్ తన ఊరి కొండ అని నమ్మినవాడు. వింపర్ ఎక్కిన మూడు రోజులకు, జూలై 17న, ఇటలీ వైపు నుంచి ఎక్కాడు. ఓడిపోయానన్న కసి ఉన్నా, తర్వాత చింబొరాసో మీద వింపర్‌తో పాటు నడిచింది ఇతనే. 1890 ఆగస్టులో, 61 ఏళ్ల వయసులో, ట్యూరిన్ నుంచి వచ్చిన లియొనె సినిగాలియా అనే యువ సంగీతకారుణ్ని అదే కొండ మీదికి తీసుకుపోయాడు. తుఫాను పట్టుకుంది. గుడిసెలో చిక్కుకుపోయారు. తిండీ కట్టెలూ అయిపోయే దశలో దిగక తప్పలేదు. మంచు పేరుకున్న ఆ బండల మీద గంటల తరబడి ముందుండి దారి చూపి, వెంట ఉన్నవాళ్లను కష్టమైన చోట్లన్నీ దాటించి, ఇక భయం లేదన్న చోటికి తెచ్చాక ఆయన కూలబడిపోయాడు. మళ్లీ లేవలేదు. ముప్పై ఆరేళ్లప్పుడు ఆ మనిషికి కావలసింది శిఖరం మీద ముందు తన జెండా. అరవై ఒకటిలో కావలసింది తనను నమ్మి తాడు కట్టుకున్న కుర్రవాడు ఇల్లు చేరడం. కొండ అదే, మనిషీ అతనే.

పట్టడం అన్నది ఒక శాస్త్రంగా మారింది ఆల్ప్స్‌లో కాదు, అమెరికాలోని బర్క్‌లీలో, ఇళ్ల మధ్య ఉన్న చిన్న బండల మీద. అప్పటిదాకా ముందు ఎక్కేవాడు పడకూడదు అన్నదే నియమం, ఎందుకంటే పడితే నార తాడు ఆపుతుందన్న నమ్మకం లేదు. 1932లో రిచర్డ్ లియొనార్డ్, అతని స్నేహితులు క్రాగ్‌మాంట్ క్లబ్ పెట్టుకుని ఆ నియమాన్ని తిరగేశారు. పడతారు, పడినప్పుడు ఏం చేయాలో నేర్చుకుందాం అన్నారు. కావాలని పై నుంచి దూకేవాళ్లు, కింద ఒకరు ఆపేవాళ్లు, మళ్లీ మళ్లీ. తాడును టక్కున బిగపడితే అది తెగుతుంది, లేదా పడ్డవాడి నడుము విరుగుతుంది. నడుము చుట్టూ తిప్పుకున్న తాడును కొంచెం జారనిస్తూ, ఆ జారుడులోనే వేగాన్ని చంపుతూ ఆపాలి. ఈ సంగతి ఒంటితో నేర్చుకున్నాకే, 1934లో లియొనార్డ్ ఇంకో ఇద్దరితో కలిసి యొసెమిటీలో హయ్యర్ కెథీడ్రల్ స్పైర్ అనే నిటారు బండ స్తంభం ఎక్కాడు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో లియొనార్డ్ సైన్యం సరఫరాల విభాగంలో చేరి నైలాన్ తాళ్ల పని చూశాడు. 1938లో డ్యూపాంట్ కంపెనీ ప్రకటించిన నైలాన్ అప్పటికి కొత్త సరుకు. సాగుతుంది, సాగి దెబ్బను మింగుతుంది. ఆర్నాల్డ్ వెక్స్‌లర్ అనే అతనితో కలిసి లియొనార్డ్ 1946లో ఈ లెక్కలన్నీ వ్యాసంగా రాశాడు. అందులో తేలిన విషయం నా క్లాసులో ఏటా పిల్లల్ని ఆశ్చర్యపరిచేది. తాడు మీద పడే దెబ్బ ఎంత ఎత్తు నుంచి పడ్డామన్న దాన్ని బట్టి ఉండదు. పడిన దూరాన్ని, మధ్యనున్న తాడు పొడవుతో భాగిస్తే వచ్చే అంకెను బట్టి ఉంటుంది. ఒక మీటరు తాడు మీద రెండు మీటర్లు పడినా, పది మీటర్ల తాడు మీద ఇరవై మీటర్లు పడినా తాడుకు తగిలే గుంజుడు ఒకటే, ఎందుకంటే పొడుగు తాడు ఎక్కువ సాగుతుంది. అంటే అన్నిటికన్నా ప్రమాదం పైన కాదు, ఎక్కడం మొదలుపెట్టిన కొద్ది సేపటిలోనే, తాడు ఇంకా పొట్టిగా ఉన్నప్పుడు. ఇప్పుడు అంతర్జాతీయ పర్వతారోహణ సంఘం ప్రమాణం ప్రకారం ఒంటి తాడుకు 80 కిలోల బరువు కట్టి పడేస్తారు. కనీసం ఐదు పడుళ్లు తట్టుకోవాలి. మొదటి పడుడులో గుంజుడు 12 కిలోన్యూటన్లు, అంటే దాదాపు పన్నెండు వందల కిలోల బరువుకు సమానమైన బలం, దాటకూడదు. అది తాడు బలానికి పెట్టిన హద్దు కాదు, మనిషి నడుముకు పెట్టిన హద్దు.

అదే లియొనార్డ్ 1953 నుంచి 1955 దాకా సియెర్రా క్లబ్ అధ్యక్షుడుగా ఉన్నాడు. అతనితో బండలెక్కిన డేవిడ్ బ్రోవర్ ఆ క్లబ్‌ను నడిపే పని 1952లో చేపట్టి, ఎకో పార్క్ లోయను ముంచే ఆనకట్ట కట్టకుండా పోరాడి గెలిచాడు. యవ్వనంలో బండ ఎక్కడానికి ఉంది అనుకున్నవాళ్లు నడివయసులో బండ ఉండడం కోసం కోర్టుల చుట్టూ, కమిటీల చుట్టూ తిరిగారు. మన హైదరాబాద్‌లో 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ పెట్టినప్పుడు నాకు వీళ్లే గుర్తొచ్చారు. మాదాపూర్ వైపు నేను చేతులు కొట్టుకుపోయేలా ఎక్కిన బండలు చాలావరకు ఇప్పుడు లేవు. రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటి రాయి, కొన్ని వారాల్లో కంకర. దాని మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు.

పట్టే మనిషి గురించి ఇంత లోతుగా ఆలోచించింది బర్క్‌లీ వాళ్లే మొదలనుకుంటే నల్లమల చెంచుల్ని మరిచినట్టే. కొండ చరియల కింద పెద్ద తేనెటీగలు పట్టు పెడతాయి. పై నుంచి తాడు వదిలి, దాని మీద దిగి, పొగపెట్టి, పట్టు కోసి బుట్టలో వేసుకోవాలి. కాళ్ల కింద లోయ, ఒళ్లంతా ఈగలు. ఇప్పుడు నైలాన్ తాళ్లు వచ్చాయి గానీ, పూర్వం అడవి తీగలతో పేనిన తాడే. 1940లలో వాళ్ల మధ్య ఉండి పుస్తకం రాసిన హైమెన్‌డార్ఫ్ ఈ పనిని వర్ణించాడు. పైన తాడు దగ్గర కాపలా ఎవరన్న దానికి చెంచుల్లో ఒక ఆచారం ఉంది. సొంత అన్నదమ్ముణ్ని పెట్టరు, భార్య అన్నదమ్ముణ్ని పెడతారు. తాడు వదిలితే విధవ అయ్యేది వాని తోబుట్టువే కదా! ఆ బావమరిది చేతిలో ఉన్నది బావ ప్రాణం ఒక్కటే కాదు, అక్క పుస్తె కూడా. తాడు ఎంత బరువు మోస్తుందో లెక్క కట్టకముందే, ఎవరి చేతిలో పెడితే వదలరో ఈ అడవి మనుషులు లెక్క కట్టారు. నాయిన అడిగిన కూలి ప్రశ్నకు ఇది ఒక జవాబు. చుట్టరికమే కూలి.

నా సంగతి రెండు మాటల్లో చెప్తాను. పెళ్లయ్యాక కూడా ఎక్కాను. బిడ్డ పుట్టాక అందరికన్నా ముందు ఎక్కడం మానేశాను, పై నుంచి తాడు ఉన్నప్పుడే ఎక్కేదాన్ని. భయం వేసి కాదు. బండ మీద ఉన్నప్పుడు ఇంట్లో పాలకు ఏడ్చే మనిషి గుర్తుకు రావడం మొదలైంది, మనసు రెండు చోట్ల ఉంటే చెయ్యి ఒక చోట నిలవదు. తర్వాత భువనగిరి గుట్ట మీద శిక్షణకు వచ్చే పిల్లలకు తాడు పట్టడమే నా పని అయింది. ఆరవ విక్రమాదిత్య త్రిభువనమల్లుడి పేరు మోసే ఆ ఏకశిల మీద, ఎవరెస్టుకు ముందు మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ కూడా చేతులు గట్టిచేసుకున్నారు. 2014 మే 25న పూర్ణ శిఖరం చేరినప్పుడు ఆ అమ్మాయికి పద్నాలుగు నిండలేదు. మా ఊరంతా టీవీ ముందు చప్పట్లు కొడుతుంటే, ఆ పిల్ల వెనక తాడు ఎవరు చూసుకున్నారో అని నేను ఆలోచించాను.

ఫ్రీ సోలో సినిమా మా అమ్మాయి చూపించింది. 2017లో ఆలెక్స్ హొనాల్డ్ ఎల్ కాపిటన్ బండను తాడు లేకుండా నాలుగు గంటల లోపే ఎక్కాడు. అద్భుతం, అందులో సందేహం లేదు. ఇరవై ఏళ్లప్పుడైతే అతని వేళ్లే చూసేదాన్ని. ఇప్పుడు నా కళ్లు కింద కెమెరా దగ్గరున్న అతని స్నేహితుడి మీద నిలిచాయి. అతను చూడలేక మొహం తిప్పుకుంటాడు. సినిమా అయ్యాక మా అమ్మాయితో అన్నాను, "ఇష్టపడి తాడు వదిలేసినవాణ్ని లోకమంతా చూస్తోంది. మన దగ్గర ఇష్టం లేకుండా తాడు లేనివాళ్లు రోజూ పొద్దున ఎక్కుతున్నారు, ఎవరూ చూడరు" అని.

2024 జూలైలో ఆ మాట కొంత మారింది. తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. నడుముకూ తొడలకూ బిగించే హార్నెస్, తాళ్లు, కొక్కేలు. కొండలెక్కేవాళ్ల సామానే, తాటిచెట్టుకు తగ్గట్టు మార్చింది. మా తమ్ముడు ఇంకా చెట్లు ఎక్కుతాడు. వాడికీ ఒకటి వచ్చింది. వాడు తొడుక్కుని చెట్టు మొదట్లో నిలబడితే నేను దగ్గరికి పోయి పట్టీలు ఒక్కొక్కటీ లాగి చూశాను. మోకు జారినా రెండో తాడు చెట్టును బిగపట్టుకుంటుంది. కింద మనిషి అక్కర్లేదు. నాయిన బతికుంటే అన్నిటికన్నా ఆ సంగతికే సంతోషించేవాడు.

తమ్ముడికి దానితో ఇబ్బందులు లేకపోలేదు. మోకుతో ఎక్కినంత వేగంగా దీనితో ఎక్కలేడు. పొద్దెక్కక ముందే కల్లు దించాలి, ఆలస్యమైతే పులుస్తుంది. అందుకే పడుచువాళ్లు కొందరు పొట్టి చెట్లకు దాన్ని వాడడం లేదు. పొట్టి చెట్టైనా పడితే పడినట్టేనని వాళ్లకు నేను చెప్పాను. అంతకన్నా బాగా పనిచేసింది మా తమ్ముడి మాట.

"నేను గీ వయసుల ఏసుకుంటున్న. మీకు సిన్న పిల్లలున్నరు, మీరెందుకేసుకోరు?" అన్నాడు.

ఇంకొక పని మిగిలింది. నైలాన్‌కు ఎండ పడదు. వాడినా వాడకపోయినా పదేళ్లు దాటిన తాడును పక్కన పెట్టాలని తయారుచేసేవాళ్లే చెప్తారు. రోజూ ఎండలో, గరుకు చెట్టుకు రాసుకునే తాడుకు అంత ఆయుష్షు కూడా ఉండదు. కిట్లు ఇచ్చారు, పాతబడినవి ఎప్పుడు మారుస్తారు, ఎవరు పరీక్షిస్తారు అన్నది మా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆబ్కారీ అధికారులకు కాగితం రాసి ఇచ్చాను. జవాబు వచ్చేలోపు ఆదివారం పూట మండువ దగ్గర కూర్చుంటున్నాను. ఎవరి తాడు వాళ్లు తెస్తారు. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా రెండు వేళ్ల మధ్య నుంచి లాగుతాము. ఎక్కడైనా మెత్తగా తగిలినా, పైపొర ఉబ్బినా, లోపలి దారాలు తెల్లగా కనిపించినా అక్కడ ఎర్ర దారం కట్టి, పేరు పుస్తకంలో రాస్తున్నాము. ఎర్ర దారం పడిన తాళ్ల జాబితా వచ్చే నెల గీత కార్మికుల సొసైటీ మీటింగులో పెడతాము.